కథ ముందుగా ఏ భాషలో మాట్లాడాలి?
(స్పానిష్ నవలలు, మన గంజాం నాటకం)

ఒక నవలను సినిమాగా తీస్తామని ఎవరైనా వస్తే రచయిత ఏమడుగుతాడు? డబ్బు అడుగుతాడని మనం అనుకుంటాం. కొలంబియా దేశపు రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ అలా చెయ్యలేదు. ఆయన 'వందేళ్ళ ఏకాంతం' అనే నవల 1967లో వచ్చింది. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఆ నవలను చదివింది. అయినా దాన్ని సినిమాగా తియ్యడానికి హక్కులు అమ్మడం ఆయనకు ఇష్టం లేకపోయింది. దానికి రెండు కారణాలున్నాయని ఆయన చనిపోయాక కొడుకు రోద్రిగో చెప్పారు. అంత పెద్ద కథ రెండు మూడు గంటల సినిమాలో పట్టదు అన్నది మొదటిది. స్పానిష్ కాకుండా వేరే భాషలో తీస్తే ఆ కథకు న్యాయం జరగదు అన్నది రెండోది.

రెండో కారణం తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. స్పానిష్ చిన్న భాషేమీ కాదు. ఇరవై దేశాల్లో అధికార భాష. ఇంచుమించు 50 కోట్ల మందికి మాతృభాష. అంత పెద్ద భాషలో రాసిన మనిషికే తన కథ తెర మీద పరాయి భాష మాట్లాడుతుందేమో అని బెంగ ఉంటే, ఒడిశాలో ఉండి తెలుగు మీడియంలో చదువుకుంటున్న మనం ఏమనుకోవాలి? ఈ ప్రశ్న కోసమే నేను స్పానిష్ నవలల చరిత్రా, మన గంజాం చరిత్రా పక్కపక్కన పెట్టి చూశాను.

అనువాదం అని చెప్పుకున్న పుస్తకం

స్పానిష్ నవల అంటే ముందు చెప్పుకోవలసింది మిగేల్ దె సెర్వాంటెస్ రాసిన 'దోన్ కిహోతె'. ఇంగ్లీషు పలుకుబడిని బట్టి మన పుస్తకాల్లో 'డాన్ క్విక్సోట్' అని ఉంటుంది. మొదటి భాగం 1605లో, రెండో భాగం 1615లో అచ్చయ్యాయి. వీరగాథలు చదివి చదివి మతి చలించిన ఒక పెద్దమనిషి తానే వీరుణ్ణి అనుకుని, బక్క గుర్రం ఎక్కి లోకాన్ని బాగుచెయ్యడానికి బయల్దేరతాడు. గాలిమరలను రాక్షసులనుకుని ఈటె పట్టుకుని మీద పడతాడు. వెనకాల గాడిద మీద సాంచో పాంజా అనే పల్లెటూరి ఆసామి వస్తుంటాడు.

సెర్వాంటెస్ కష్టాలు పడిన మనిషి. 1571లో లెపాంటో యుద్ధంలో ఆయన ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది. 1575 నుంచి 1580 దాకా అల్జీర్స్‌లో బందీగా ఉన్నాడు. అక్కడ అరబ్బీ మాట్లాడేవాళ్ళ మధ్య బతికాడు. అందుకేనేమో తన నవలలో ఒక తమాషా చేశాడు. ఈ కథ నాది కాదు, సీదె హమేతె అనే అరబ్బు చరిత్రకారుడిది అంటాడు. తొలెదో ఊరి అంగడి వీధిలో పాత కాగితాలు దొరికాయని, అక్కడే ఒక మొరిస్కో చేత వాటిని స్పానిష్‌లోకి తిప్పించానని, అతనికి కూలిగా ఎండుద్రాక్షలు, గోధుమలు ఇచ్చానని రాస్తాడు. ఇదంతా కల్పనే. కానీ స్పానిష్ భాషలో అందరికన్నా గొప్ప నవల తనను తాను అనువాదం అని చెప్పుకోవడం నాకు చాలా నచ్చింది.

మొరిస్కోలు అంటే స్పెయిన్‌లో క్రైస్తవంలోకి మారవలసి వచ్చిన ముస్లింలు, వాళ్ళ సంతతి. గ్రనాదా ప్రాంతంలో వాళ్ళు అరబ్బీ మాట్లాడకూడదు, రాయకూడదు అని రెండో ఫిలిప్ రాజు 1567లో ఆజ్ఞ ఇచ్చాడు. 1609 నుంచి 1614 వరకు వాళ్ళను దేశం నుంచే వెళ్ళగొట్టారు. అంటే దోన్ కిహోతె మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్యలో ఇది జరిగింది. రెండో భాగంలో రికోతె అనే మొరిస్కో దొంగతనంగా తిరిగి వచ్చి, తన పాత పొరుగువాడు సాంచోకు కనిపిస్తాడు. పుట్టిన నేలను తలుచుకుని ఏడుస్తూ ఉంటామని చెబుతాడు. ఈ నవలను అందరూ హాస్యం అంటారు. నాకు మాత్రం ఈ చోట నవ్వు రాలేదు. ముందు భాష పోయింది, తర్వాత ఇల్లు పోయింది.

వేదిక మీదికి, తెర మీదికి

దోన్ కిహోతె పుస్తకంలోనే ఒక బొమ్మలాట ఉంది. పేద్రో అనే ఆయన సత్రంలో బొమ్మలాట ఆడిస్తుంటే, బొమ్మల యుద్ధం నిజమనుకుని దోన్ కిహోతె కత్తి దూసి బొమ్మలన్నిటినీ నరికేస్తాడు. తర్వాత లెక్క కట్టి ఒక్కొక్క బొమ్మకూ డబ్బు ఇచ్చుకోవలసి వస్తుంది. తోలుబొమ్మలాట తెలిసిన మనకు ఇది ఎక్కడో జరిగినట్టు అనిపించదు. ఈ ఒక్క ఘట్టాన్నే తీసుకుని మనువేల్ దె ఫాయా అనే స్పెయిన్ సంగీతకారుడు 1923లో బొమ్మలతో ఆడే సంగీత నాటకం చేశాడు.

నవల వచ్చిన కొన్నేళ్ళకే అది స్పెయిన్ దాటిపోయింది. అందులోని కార్దేనియో అనే ప్రేమికుడి పేరుతో లండన్‌లో 1613లో ఒక నాటకం ఆడారు. అది షేక్‌స్పియర్, ఫ్లెచర్ కలిసి రాసిందని అంటారు. ఆ నాటకం ప్రతి ఇప్పుడు లేదు. 1869లో మాస్కోలో అదే నవల బ్యాలే నృత్యం అయ్యింది. నృత్యంలో మాటలుండవు కాబట్టి ఏ భాష అన్న గొడవే లేదు.

మూకీ సినిమాల కాలంలోనూ అంతే. బ్లాస్కో ఇబాన్యెజ్ అనే స్పెయిన్ రచయిత ఎద్దులతో పోరాడే వీరుడి మీద 1908లో 'రక్తం, ఇసుక' అనే నవల రాశాడు. 1922లో అమెరికావాళ్ళు దాన్ని మూకీగా తీశారు. హీరో రుడాల్ఫ్ వాలెంటినో. తెర మీద పెదాలు కదులుతాయి, శబ్దం రాదు. మధ్య మధ్య వచ్చే అక్షరాలు మార్చేస్తే సరి, ఏ దేశంలోనైనా ఆడుతుంది.

టాకీలు వచ్చాక అసలు చిక్కు మొదలయింది. పాత్ర నోరు తెరిస్తే ఏదో ఒక భాష రావాలి కదా! 1933లో పాబ్స్ట్ అనే దర్శకుడు దోన్ కిహోతెను సినిమాగా తీశాడు. రష్యా గాయకుడు షల్యాపిన్ హీరో. ఆ సినిమాను ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్ అని మూడు భాషల్లో మూడుసార్లు తీశారు. మూడిట్లోనూ స్పానిష్ లేదు! స్పెయిన్ వాళ్ళు ఆ నవలను తమ భాషలో పెద్ద సినిమాగా తీసుకున్నది 1947లో, రఫాయెల్ హిల్ దర్శకత్వంలో.

మన గంజాంలో ప్రహ్లాదుడు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. గంజాం జిల్లాకు తనదంటూ ఒక నాటకం ఉంది. అదే ప్రహ్లాద నాటకం. 19వ శతాబ్దంలో జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వచ్చిన ఒడియా నాటకం ఇది. పర్లాకిమిడికి చెందిన గౌరహరి పరిచ్ఛా అనే కవి దీన్ని రాశారని కూడా అంటారు. ఆ జలంత్ర అప్పుడు గంజాంలో ఉండేది, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అంటే ఈనాటి ఆంధ్రలో ఉన్న ఊరి రాజు పేరు మీద ఒడియా నాటకం! మెట్లు మెట్లుగా వేదిక కడతారు. పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం. అతను చిందులు తొక్కుతూ మెట్లు దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. మాటలు ఒడియా, మధ్యలో సంస్కృత శ్లోకాలు. రాగాల్లో దక్షిణాది సంగీతం కలిసి ఉంటుంది. మన భాగవతమేళం, యక్షగానాల ప్రభావం దీని మీద ఉందని పరిశోధన చేసినవాళ్ళు చెబుతారు.

మా నాయనమ్మకు ఒడియా చదవడం రాదు. అయినా చిన్నప్పుడు గోనె పట్టా వేసుకుని రాత్రంతా ఈ నాటకం చూసేదట. "మాటలు సగం తెలిసీవి కాదు గానీ, స్తంబం కాడికొచ్చీసరికి మాకు నిద్దరెక్కడిదిరా!" అంటుంది.

ఈ ప్రహ్లాదుడే తెలుగు తెరకు కూడా మొదటివాడు. హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి నాటకం ఆధారంగా, సురభి నాటకాల వాళ్ళతో దాన్ని తీశారు. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురం ఇటు వచ్చింది. అదే ఏప్రిల్ నెలలో మొదటి ఒడియా టాకీ 'సీతా బిబాహ' వచ్చింది. అదీ ఒక నాటకం నుంచి వచ్చిందే.

ప్రహ్లాదుడి కథ సంస్కృత భాగవతంలోది. తెలుగువాళ్ళకు పోతన గారు ఇచ్చారు. ఒడియావాళ్ళకు జగన్నాథ దాసు గారు ఇచ్చారు. ఎవరి ప్రహ్లాదుడు వాళ్ళకు ఉన్నాడు. కాబట్టి ఒకరి నాటకం ఇంకొకరు చూసి సంతోషించవచ్చు. ఎవరికీ ఏమీ తగ్గిపోలేదు.

ఇంగ్లీషు మాట్లాడిన లాటిన్ అమెరికా

స్పానిష్ నవలలకు అన్నిసార్లూ ఇలా జరగలేదు. చిలీ రచయిత్రి ఇసబెల్ అయ్యెండే 1982లో 'ఆత్మల ఇల్లు' అనే నవల రాశారు. ఒక కుటుంబం కథ ద్వారా తన దేశ చరిత్ర, సైన్యం అధికారం లాక్కున్న రోజులు అందులో చెప్పారు. 1993లో దాన్ని సినిమాగా తీశారు. డెన్మార్క్ దర్శకుడు, హాలీవుడ్ నటులు, షూటింగు పోర్చుగల్, డెన్మార్క్‌లలో, మాటలన్నీ ఇంగ్లీషు. మార్క్వెజ్ రాసిన 'కలరా కాలంలో ప్రేమ' నవలను 2007లో తీశారు. షూటింగు కొలంబియాలోని కార్తహేనా ఊళ్ళోనే చేశారు. కానీ పాత్రలు ఇంగ్లీషు మాట్లాడతాయి. కొలంబియా గాయని షకీరా ఆ సినిమాకు స్పానిష్‌లో పాటలు పాడింది. వీధి కొలంబియాది, పాట కొలంబియాది, మాట మాత్రం కాదు!

సొంత భాషలో తీసినవీ ఉన్నాయి. వెనిజులా రచయిత రోములో గయ్యేగోస్ 1929లో రాసిన 'దోన్యా బార్బరా' 1943లో మెక్సికోలో స్పానిష్‌లోనే సినిమా అయ్యింది. సినిమా రచనలో ఆయన చెయ్యి కూడా ఉంది. ఆ రచయిత 1948లో తన దేశానికి అధ్యక్షుడయ్యారు. తొమ్మిది నెలలకే సైన్యం దించేసింది. స్పెయిన్ రచయిత మిగేల్ దెలీబెస్ భూస్వామి కింద నలిగే పాలేరు కుటుంబం మీద 1981లో ఒక నవల రాశారు. పేరు 'పవిత్ర అమాయకులు'. 1984లో మారియో కాముస్ దాన్ని సినిమాగా తీస్తే, అందులో పల్లెటూరి మనుషులుగా వేసిన ఇద్దరు నటులకు కాన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. లారా ఎస్కివెల్ 1989లో రాసిన వంటింటి నవలను 1992లో మెక్సికోలో తీశారు. ఇవన్నీ స్పానిష్‌లోనే మాట్లాడాయి. అయినా లోకమంతా చూసింది. సొంత భాషలో తీస్తే బయటివాళ్ళు చూడరు అనే మాట నిజం కాదని వీటివల్ల తెలుస్తోంది.

చివరికి 2019లో మార్క్వెజ్ కుటుంబం 'వందేళ్ళ ఏకాంతం' హక్కులు నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చింది. సినిమాగా కాదు, పదహారు భాగాల సీరియల్‌గా. మాటలు స్పానిష్. షూటింగు కొలంబియాలో. మొదటి ఎనిమిది భాగాలు 2024 డిసెంబరు 11న వచ్చాయి. ఆయన చెప్పిన రెండు అభ్యంతరాలకూ రెండు జవాబులు దొరికాయి. కాకపోతే అది చూడడానికి ఆయన లేరు.

మరి మన దేవదాసు?

ఇక్కడ నన్ను ఎవరైనా ఒక మాట అడగవచ్చు. "భాష మారితే కథకు అన్యాయం అంటున్నావు. మరి దేవదాసు సంగతేమిటి?" సరైన ప్రశ్నే. దేవదాసు శరత్ బాబు బెంగాలీ నవల. 1917లో అచ్చయింది. శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చినవాళ్ళలో చక్రపాణి గారు ముఖ్యులు. మదనపల్లి శానటోరియంలో క్షయకు వైద్యం చేయించుకుంటూ ఆయన బెంగాలీ నేర్చుకున్నారు. 1953లో వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో తెలుగు 'దేవదాసు' వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు గారు, సావిత్రి గారు నటించారు. పాటలకు సి.ఆర్. సుబ్బరామన్ గారు బాణీలు కట్టారు. విడుదలకు ముందే ఆయన చనిపోయారు. ఈ రోజుకీ మన పెద్దవాళ్ళు ఆ పాటలు పాడుకుంటారు. దేవదాసు బెంగాలీవాడు అంటే నమ్మనివాళ్ళు కూడా ఉంటారు.

మరి ఇది తప్పా? కాదని నేను అనుకుంటున్నాను. కారణం సంవత్సరాల్లో ఉంది. మన దేవదాసు 1953లో వస్తే, బెంగాలీలో బరువా గారి 'దేవదాస్' 1935లోనే వచ్చింది. బెంగాలీవాళ్ళు తమ దేవదాసును తమ భాషలో ముందే చూసుకున్నారు. తర్వాత మనం అడిగి తెచ్చుకున్నాం. మన పాటలు పెట్టి మనవాడిగా చేసుకున్నాం. వాళ్ళ పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది. దీపం నుంచి దీపం వెలిగించుకుంటే మొదటిది ఆరిపోదు కదా.

'ఆత్మల ఇల్లు' కథ అలా జరగలేదు. ఆ నవలకు పెద్ద తెర మీద మొదట వచ్చిన ముఖమే ఇంగ్లీషు ముఖం. ఆ సినిమా వచ్చినప్పుడు చిలీలో ఒక పిల్లవాడు తన దేశం కథ చూడాలనుకుంటే, తన తాతలు ఇంగ్లీషులో పోట్లాడుకోవడం చూడవలసి వచ్చింది. మార్క్వెజ్ బెంగ ఇదేనని నాకు అర్థమయింది. కథ వేరే భాషలోకి వెళ్ళకూడదని కాదు. ఆ నవలను ఇంగ్లీషుతో సహా ఎన్నో భాషల్లోకి అనువదించడానికి ఆయన ఒప్పుకున్నారు. కథ ముందుగా ఇంటివాళ్ళ భాషలో మాట్లాడాలి. ఆ తర్వాత లోకమంతా తిరగవచ్చు.

మనం చెయ్యవలసింది

బరంపురంలో మన ఇళ్ళల్లో తెలుగు వినిపిస్తూనే ఉంది. ఎక్కువ వినిపించేది సినిమాలోంచి, టీవీలోంచి, ఫోన్లోంచి. వినడానికి తెలుగు, చదవడానికి ఒడియా, ఉద్యోగానికి ఇంగ్లీషు అని చాలామంది పంచేసుకున్నారు. ఒడియా మన రాష్ట్ర భాష, నేర్చుకోవాలి. ఇంగ్లీషూ కావాలి. కానీ చదవడం పోతే మనం ప్రేక్షకులుగా మిగిలిపోతాం. సినిమా మనకు ఏది చూపిస్తే అదే మన కథ అవుతుంది. పుస్తకం చదివినవాడు మాత్రమే సినిమా చూసి "ఇది ఇలా లేదే!" అని అడగగలడు.

అందుకని మన బడికి నాదొక మనవి. వార్షికోత్సవంలో సినిమా పాటలకు డాన్సులతో పాటు, ఒక తెలుగు నవలలోంచి ఒక ఘట్టం తీసుకుని మనమే నాటకంగా రాసుకుని ఆడదాం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' ఉంది. అది 1940లోనే సినిమా అయ్యింది. పార్వతీశం రైలు, ఓడ ఎక్కి పడే అవస్థలు తక్కువ సామానుతో ఆడవచ్చు. నాటకం రాయాలంటే పుస్తకం రెండుసార్లు చదవాలి. అదే మనకు లాభం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. 'వందేళ్ళ ఏకాంతం'లో ఆ ఇంటి పిల్లలు స్పానిష్ కంటే ముందు గువాహిరో భాష నేర్చుకుంటారు. వాళ్ళను పెంచిన విసితాసియోన్ అనే మూలవాసి స్త్రీ భాష అది. పెద్ద భాష ఇంట్లో కూడా ఒక చిన్న భాష ఉంటుందన్నమాట. మనకూ అలాగే ఉంది. పాత గంజాంలోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు తాను తెలుగువారై ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలో బడి పుస్తకాలు రాశారు. మన భాషకు ఏం కావాలని మనం అడుగుతున్నామో, అది సవర పిల్లలకూ కావాలి. మా భాష నిలవాలి అని అడిగే హక్కు, పక్కవాడి భాష గురించి కూడా అడిగినవాడికే బాగా ఉంటుంది.

ఈ ఏడు మన లైబ్రరీ బీరువాలోంచి ఒక్క తెలుగు నవల అయినా తీసుకెళ్ళి చదవండి. దాని మీద సినిమా ఉంటే తర్వాత చూడండి. ముందు మాత్రం పుస్తకం.